దుబాసీ దాచిన వాక్యం

"ఇందులో తొమ్మిది తప్పులున్నాయి," అంటూ ఫిజిక్స్ లెక్చరర్ కాగితాన్ని దుబాసీ ముందుకు తోసింది.

"ఎనిమిదేనండీ. తొమ్మిదోది మీ కాలేజీ వాళ్లది. నేను దాన్ని ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను."

పరాయి దేశపు కోర్టు వరండాలో వాళ్ల తొలి పరిచయం అది. ఆ ఊరు మొత్తానికి తెలుగు తెలిసిన దుబాసీ అతనొక్కడే. అందువల్ల వచ్చిన పొగరు అతనికి నిండుగా ఉంది.

బిడ్డను కనడానికి ఏ ప్రభుత్వమూ ఒక్క కాగితం అడగదు. పెంచుకుంటానన్నందుకు ఆమెను పళ్ల ఎక్స్‌రే కూడా తెమ్మన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల అవివాహిత. అక్కడి అనాథాశ్రమంలోని రెండున్నరేళ్ల పిల్లను దత్తత తీసుకోవడానికి వచ్చింది. మూడు వారాల్లో తేలుతుందన్న పని అయిదు నెలలైనా తేలలేదు. వారానికి రెండుసార్లు, గంటసేపు పిల్లను చూడనిచ్చేవారు. మొదటి నెల పిల్ల ఆమె కళ్లజోడు లాగింది. రెండో నెల జుట్టు లాగింది. మూడో నెల నుంచి, గంట పూర్తయ్యాక చున్నీ వదలడం మానేసింది.

మిగిలిన కాలమంతా అద్దె గది, బట్టలుతికే యంత్రం ముందు వరస, కూరల కొట్టు. కొట్టు ముసలమ్మతో బేరమాడుతూ ఆ దేశపు భాష ఆమె కొంత పట్టుకుంది. కాగితాలకు నెల రోజులే గడువు కనుక దుబాసీ నెలనెలా వచ్చి కొత్తగా ముద్ర వేసేవాడు. తర్వాత వారంవారం రాసాగాడు.

"ఏమే, ఆ ముద్రలాయన ఇవాళా వచ్చాడా?" అని ఫోన్లో అక్క ఆరా తీసింది.

"కాగితాల గడువు ముగిసింది కదే."

"మొన్నే కదే ముగిసింది?"

"వానొచ్చింది. గొడుగిచ్చి వెళ్లాడు."

"ముద్రకీ గొడుక్కీ సంబంధమేంటే?"

సంబంధం ఏమిటో లెక్చరర్‌కూ తెలుసు, దుబాసీకీ తెలుసు. ఫైలు మూడో పేజీలో "అవివాహిత, వివాహం తలపెట్టలేదు" అని ఉంది. ఆ వాక్యాన్ని తర్జుమా చేసినవాడు అతనే. కోర్టు ఆజ్ఞ రాకముందు ఆమె పెళ్లాడితే ఫైలు మొదటి పేజీకి పోతుంది, పిల్ల మరో ఏడాది ఆశ్రమంలో ఉంటుంది. కనుక ఇద్దరూ చెప్పవలసిన మాట తప్ప అన్నీ మాట్లాడుకునేవారు.

ఒక సాయంత్రం కోర్టు తనిఖీ అధికారిణి చెప్పకుండా వచ్చి లెక్చరర్ గది తలుపు తట్టింది. లోపల దుబాసీ చొక్కా చేతులు మడిచి, స్క్రూడ్రైవర్ పట్టుకుని, పిల్ల మంచం బిగిస్తున్నాడు.

"దుబాసీకి ఇప్పుడే ఫోన్ చేద్దామనుకున్నాను. చేయకముందే వచ్చేశాడే!" అంది అధికారిణి తన భాషలో. ఆపై నోటుపుస్తకం తెరిచింది. "నువ్వు ఈమెకు ఏమవుతావో ఈమెనే అడుగు."

అతను లెక్చరర్ వైపు తిరిగాడు. "మేడమ్, నేను మీకేమవుతానని అడుగుతున్నారు."

"ఉన్నది చెప్పండి," అంది లెక్చరర్.

"ఉన్నదంటే?"

"నాకు ఇష్టమైన మనిషి. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పెళ్లి మాట రాలేదు. ఇదీ ఉన్నది."

స్క్రూడ్రైవర్ కింద పడింది. పన్నెండేళ్ల వృత్తిలో దొంగల సాక్ష్యాలూ, భార్యాభర్తల తిట్లూ పొల్లుపోకుండా తర్జుమా చేసినవాడు అధికారిణి వైపు తిరిగి, "మంచం బిగించడానికి పిలిచానంటున్నారు," అన్నాడు.

"అబద్ధం!" అంది లెక్చరర్ ఆ దేశపు భాషలోనే, కుళ్లిన టమాటాను వెనక్కిచ్చే స్వరంతో. "ఇతను నాకు ఇష్టం. పెళ్లి లేదు. అబద్ధం వద్దు."

"మీకు మతిపోయిందా?" అతను తెలుగులో అరిచాడు. "పిల్ల చేజారిపోతుంది!"

"అబద్ధమాడి తెచ్చుకుంటే రేపు దాని మొహం ఎలా చూడను?"

"మీ కోసమే కదండీ..."

"నా అబద్ధాలు నేనే ఆడుకోగలను. మీ సాయం అక్కర్లేదు."

అధికారిణి ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. "ప్రేమకు ఇందులో గడి లేదు. పెళ్లికి ఉంది, అది జరగలేదు. ఫైలుకు ఢోకా లేదు. ఆజ్ఞ వచ్చాక పెళ్లాడితే, వచ్చి ఇతన్నీ తనిఖీ చేస్తాను. కానీ ఇకమీదట ఇతను మీ దుబాసీ కాడు. వేరొకరిని తెచ్చుకోండి, లేదా జడ్జికి మీరే జవాబు చెప్పండి. పన్నెండు రోజుల్లో విచారణ."

వేరొకరు లేరు. పాఠం చెబుతానని దుబాసీ రోజూ వచ్చాడు. ఆమె తలుపు తీయలేదు. కూరల కొట్టులో సంచుల మీద కూర్చుని, 'జ్వరం', 'బడి', 'ఒంటరితనం', 'ఎప్పటికీ' అన్న మాటలు ముసలమ్మ దగ్గర నేర్చుకుంది.

విచారణ రోజు అతను బయట బల్ల మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లలో ఆ తలుపుకు ఇవతల ఉండడం అతనికి అదే మొదలు. లోపల జడ్జి, ఈ బిడ్డే ఎందుకని అడిగాడు. ఆమె ఏడు వాక్యాలు చెప్పింది. నాలుగింటికి వ్యాకరణం లేదు. జడ్జి ఏడూ రాసుకుని సంతకం చేశాడు.

ఆశ్రమం ఆయా వరండాలోనే పిల్లను అప్పగించింది. లెక్చరర్ ఆజ్ఞాపత్రం చంకలో ఇరికించుకుని, పిల్లనెత్తుకుని బల్ల దగ్గర ఆగింది.

"అబద్ధమాడినందుకు క్షమించండి," అన్నాడతను లేచి.

"క్షమించాను. ఇంకేమైనా ఉందా?"

అందరి మాటలూ మోసిన మనిషి తొలిసారి సొంత మాట అన్నాడు. "నన్ను... పెళ్లి చేసుకుంటారా?"

"చేసుకుంటాను. ముందు దీన్ని అందుకోండి, చేయి లాగేస్తోంది."

పిల్ల అతని మీసాన్ని పరిశీలించి, వరండా దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది.

"ఏమంటోంది, దుబాసీ గారూ?"

"నేను నచ్చలేదంటోందండీ."

"తప్పు," అంది ఆమె పిల్లను వెనక్కి తీసుకుంటూ. "ఆకలంటోంది. పదండి."