నాలుగు చెప్పని ఈతకొలను

ఆ ఈతకొలనుకి మంచి పేరు లేదు.

నీళ్ళు తీసేసి పన్నెండేళ్ళయింది. పైన రేకుల కప్పు, చుట్టూ నీలం పలకలు, మధ్యలో ఎండిపోయిన పెద్ద గొయ్యి. పగలు చూస్తే అయ్యో పాపం అనిపించే చోటే. కానీ చీకటి పడ్డాక లోపల దీపం వేశారా... ఎవరో లెక్కపెడతారట. మగ గొంతు. తాపీగా.

ఒకటి... రెండు... మూడు...

అంతే. నాలుగు చెప్పదు.

అక్కడ పిల్లలకి ఈత నేర్పిన మాస్టారు లెక్కపెడుతూ పెడుతూ మూడు దగ్గర గుండె ఆగి పోయాడనీ, ఆ నాలుగు ఆయన గొంతులోనే ఉండిపోయిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఊడ్చే మనిషి ఒక రాత్రి ఆ గొంతు విని చీపురు అక్కడే పారేసి పరుగెత్తింది. ఆ చీపురు ఇప్పటికీ అలాగే పడి ఉంది. తీసే ధైర్యం ఎవరికుంది?

సరిగ్గా అలాంటి చోటికి, ఒక శనివారం సాయంత్రం, ఇద్దరు ఆడపిల్లలు కచేరీ చెయ్యడానికి దిగారు.

ముందు వాళ్ళెవరో చెప్తాను. ఒకర్తె తూనీగ. సన్నం, పొడుగు, మొహంలో సగం కళ్ళద్దాలే. రెండోది మిరియం. చూడ్డానికి ఇంతే ఉంటుంది, కదిపితే తెలుస్తుంది. తూనీగకి మిరియం మేనత్త కూతురు. ఇద్దరూ ఒకరినొకరు ‘వదినా’ అనే పిలుచుకుంటారు కాబట్టి వాళ్ళ జట్టుకి ‘ఇద్దరు వదినలు’ అని పేరు పెట్టుకున్నారు.

వీళ్ళ సంగీతానికి వీణా అక్కర్లేదు, మద్దెలా అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, మీటలున్న రెండు పెట్టెలు, నిలువెత్తు స్పీకర్లు. పాటంతా కరెంటులోంచే పుడుతుంది. లెక్క మాత్రం ఒకటో తరగతి లెక్క: ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. ఆ దెబ్బలకి జనం లేచి గెంతాలి. గెంతితే ప్యాసు. కూర్చుంటే ఫెయిలు.

తొలి టూరు. మూడు ఊళ్ళు. ఇప్పటికి రెండు ఫెయిళ్ళు.

మొదటి ఊళ్ళో తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఇద్దరు వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్ళు. రెండో ఊళ్ళో ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. వదినలిద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన నెమ్మదిగా వేదిక దగ్గరికొచ్చి, “కాస్త చప్పుడు తగ్గిస్తారా అమ్మా, నిద్ర చెడుతోంది” అన్నాడు.

తూనీగ వాళ్ళ నాన్నకి కళ్ళద్దాల కొట్టుంది. “మూడు ఊళ్ళు తిరిగి రా. ఒక్కచోటైనా జనం లేచి గెంతితే నీ దారి నీది. లేదా సోమవారం పొద్దున తొమ్మిదికి కొట్టు తాళాలు నువ్వే తియ్యాలి” అన్నాడాయన. సాక్ష్యానికని తన తమ్ముణ్ణి వ్యాను డ్రైవరుగా పంపాడు. తూనీగకి బాబాయి, మిరియానికి చిన్నమామయ్య. ఆయనకి అబద్ధమాడ్డం రాదు. భయపడ్డం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

“ఇప్పుడే వెళ్ళిపోదాం తల్లీ,” అన్నాడు బాబాయి, గొయ్యి అంచున నిలబడి. “జనం లేచారని అన్నయ్యకి నేను చెప్తాను.”

“నీకు అబద్ధం రాదుగా బాబాయ్?”

“దార్లో నేర్చుకుంటాను.”

మిరియం అప్పటికే ఇనపనిచ్చెన దిగి, లోతువైపు పెట్టెలు సర్దుతోంది. వాలుగా ఉన్న నేలమీద ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. “చిన్నమామయ్యా, ఆ మెయిన్ స్విచ్చి వెయ్యి!” అని కేకేసింది.

బాబాయి కళ్ళు మూసుకుని స్విచ్చి వేశాడు. దీపాలు వెలిగాయి.

వదినలకి ఒక అలవాటుంది. ఎక్కడికెళ్ళినా జనం రాకముందు ఒక నిమిషం, వెళ్ళాక ఒక నిమిషం, ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తారు. ఖాళీ గదికి చప్పుడేమిటంటారా? ఉంటుంది. మీ గదిలో కళ్ళు మూసుకుని కూర్చోండి, మీకే తెలుస్తుంది. గోడ చప్పుడు, కప్పు చప్పుడు, ఎక్కడో దూరంగా రోడ్డు చప్పుడు... ఏ గదిది ఆ గదిదే. దాన్ని పాట అడుగున పరుపులా పరుస్తారు.

తూనీగ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, బ్యాటరీ రికార్డరు మీట నొక్కింది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు.

పది సెకన్లు... ఇరవై...

ఒకటి... రెండు... మూడు...

తూనీగ హెడ్‌ఫోన్ లాగేసింది. వెనక్కి తిరిగితే బాబాయి లేడు. తలుపు దగ్గర ఆయన చెప్పొకటి మాత్రం కనిపిస్తోంది.

“వదినా...” గుసగుసగా అంది తూనీగ. “దెయ్యం...”

“నాలుగేదీ?” అంది మిరియం.

“దెయ్యమే వదినా!”

“దెయ్యమైతే? తాళం తప్పొచ్చా?”

అరనిమిషం గడిచింది. మళ్ళీ అదే గొంతు, గోడల్లోంచి వస్తున్నట్టు. ఒకటి... రెండు... మూడు...

మిరియానికి మిగిలిపోయిన దెబ్బంటే పంటికింద రాయి. ఇక ఆపుకోలేక, “నాలుగు!” అని అరిచేసింది.

నాలుగు... నాలుగు... నాలుగు... అని కొలనంతా పలికింది.

తూనీగ వేళ్ళు మాత్రం, అలవాటు కొద్దీ, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం కొలిచేశాయి. గడియారం ముల్లు కదిలినట్టు సమానంగా ఉంది లెక్క. రెండింతలు చేస్తే... తమ పాట నడకే.

మీట నొక్కి రికార్డరు ఆపింది.

ఎనిమిదింటికి జనం వచ్చారు. ఒకరూ ఇద్దరూ కాదు, అరవైమంది! పాటకి కాదు లెండి, దెయ్యానికి. పదిమంది తోడుంటే దెయ్యాన్ని చూడాలని ఎవరికుండదు? చేతులు కట్టుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నారు. అరగంట పాట సాగింది. ఒక్క కాలు ఆడలేదు. ఒక్క తల ఊగలేదు. అందరి కళ్ళూ గోడలమీదే.

తలుపు దగ్గర బాబాయి తూనీగకేసి జాలిగా చూసి, అరచేతిని అడ్డంగా ఊపాడు. ఎవరూ లేవలేదమ్మా.

తూనీగకి కొట్టు కనిపించింది. తాళాలు. తొమ్మిది గంటలు. “దూరం చూపా, దగ్గర చూపా అండీ?” అని అడుగుతూ అరవయ్యేళ్ళ దాకా తను.

భయం రెండు రకాలు. ఒకటి కాళ్ళని కట్టేస్తుంది, రెండోది కాళ్ళని పరుగెత్తిస్తుంది. రెండో భయం మొదటిదాన్ని తోసేసింది.

తూనీగ మీటలన్నీ కిందికి లాగేసింది.

పాట ఆగిపోయింది. అరవైమందీ ఊపిరి బిగబట్టారు. “ఏం చేశావే!” అంది మిరియం పళ్ళ మధ్యనుంచి.

“ఆగు వదినా... వస్తుంది.”

నిశ్శబ్దం. రేకుమీద ఏదో పిట్ట కదిలింది... ఒక కుర్చీ కిర్రుమంది...

ఒకటి... రెండు... మూడు...

“నాలుగు!” అరిచింది తూనీగ మైకులో. ఆ మాట మీదే స్పీకర్లలోంచి పిడుగులాంటి దెబ్బ పడింది.

ముందు వరస పిల్లలు కెవ్వుమన్నారు. తర్వాత కిసుక్కుమన్నారు. తూనీగ ఇందాక రికార్డు చేసిన గొంతుని ల్యాప్‌టాప్‌లోంచి వదిలింది. ఒకటి, రెండు, మూడు... ఈసారి ‘నాలుగు’ పిల్లలు అరిచారు. ఆ పైసారి వాళ్ళ అమ్మలు. ఆ పైసారి అరవై గొంతులు! అరవైమందీ ఎగిరి గెంతారు. కుర్చీలు వాలుమీద జర్రున జారి వేదిక కింద కుప్పపడ్డాయి. ఇక కూర్చుందామన్నా కుర్చీ లేదు.

సాక్షి ఏం చేస్తున్నాడా అని తూనీగ తలెత్తింది. బాబాయి ఒంటి చెప్పుతో గెంతుతున్నాడు.

అంతా అయ్యాక, జనం వెళ్ళిపోయాక, ఒక ముసలాయన మాత్రం మిగిలాడు. కళ్ళు తుడుచుకుంటూ గట్టుమీద నిలబడ్డాడు.

“ఇన్నేళ్ళకి నా లెక్కకి మళ్ళీ గెంతారమ్మా.”

“మీ లెక్కేమిటండీ?” అంది మిరియం.

“నేను ఇక్కడి ఈత మాస్టార్ని.”

బాబాయి ఉన్నచోటే కూలబడ్డాడు. “మీరు... పోయారు కదండీ?”

“పోయాను నాయనా. పక్క ఊళ్ళో బడికి, బదిలీ మీద. ఊరు నన్ను ఎక్కడిదాకా పంపిందో ఇవాళే తెలిసింది.”

ఆయన వాళ్ళని పంపు గదిలోకి తీసుకెళ్ళాడు. బూజుల వెనక ఒక పాత టేపు పెట్టెలో చివరా మొదలూ అతికించిన టేపు గిరగిరా తిరుగుతోంది. అరిచి అరిచి గొంతు పాడైతే, ఆయనే ఇంట్లో గది తలుపులు బిగించుకుని లెక్క రికార్డు చేసి, దాన్ని గోడ స్పీకర్లకి కలిపాడట. మెయిన్ స్విచ్చి వేస్తే దీపాలతోపాటు అదీ మొదలవుతుంది. పిల్లలు మళ్ళీ గట్టెక్కడానికి మధ్యలో అరనిమిషం ఖాళీ.

“మరి ఇన్నేళ్ళూ ఎవరూ వచ్చి చూళ్ళేదా?” అంది తూనీగ.

“దెయ్యం ఉందన్న గది తలుపు ఎవరు తీస్తారమ్మా?”

“అది సరే, నాలుగెందుకు చెప్పలేదు మాస్టారూ?” మిరియానికి అదే బాధ.

మాస్టారు నవ్వాడు. “నాలుగు నోటితో చెప్పేది కాదు తల్లీ. నాలుగుకి పిల్లలు నీళ్ళలోకి దూకాలి. ఆ దబ్బుమనే చప్పుడే నాలుగు.”

ఆయన టేపు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. బాబాయి మెయిన్ స్విచ్చి ఆపేశాడు. ఈసారి కళ్ళు తెరిచే. పోతూ పోతూ ఆ చీపురు కూడా తీసి మూల నిలబెట్టాడు.

అలవాటు అలవాటే కదా. తూనీగ బ్యాటరీ రికార్డరుని గొయ్యి నడుమ పెట్టి వచ్చింది. చీకట్లో నలుగురూ గట్టుమీద, ఒక నిమిషం, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డారు. ఏమీ లేదు. ఉత్త ఖాళీ.

వ్యాను ఎక్కగానే బాబాయి ఫోను చేశాడు. “లేచారన్నయ్యా. అందరూ గెంతారు. నేనూ గెంతాను.”

“సరేలే,” అన్నాడు తూనీగ నాన్న అవతలినుంచి, “కొట్టుకి ఇంకో మనిషిని చూసుకుంటాను.”

వదినలిద్దరూ వ్యాను కప్పు అదిరేలా అరిచారు. వ్యాను కదిలింది. ఆ సంబరంలోనే మిరియం రికార్డరుని వ్యాను స్పీకరుకి తగిలించింది. “ఆ చివరి నిమిషం విందాం వదినా, చాలా బాగా వచ్చుంటుంది.”

పల్చటి గాలి... బాబాయి ఊపిరి... మాస్టారు గొంతు సవరించుకోవడం...

ఇరవై సెకన్లు... ముప్ఫై...

దబ్.

నీళ్ళలో. ఎవరో గట్టుమీంచి నీళ్ళలోకి దూకినట్టు. ఆ వెనకే పలకలమీద తుంపర్లు... చిన్నగా, ఒకటొకటిగా...

బాబాయి వ్యాను రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

మిరియం రికార్డరు ఆపింది.

“నాలుగు,” అంది.