గ్లవ్స్ నొక్కిన మీట

"వదిన దొరికిపోబోతోంది," అన్నాడు పెద్దాయన.

చీమ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో ఇతని కోడ్‌నేమ్ చీమ, ఆమె కోడ్‌నేమ్ వదిన. అతనికి మాత్రం ఆమె నిజంగానే వదిన, సొంత అన్న భార్య. తల్లి పోయాక తలంటి, అన్నం కలిపి పెట్టి పెంచిన మనిషి. ఈ గూఢచారి ఉద్యోగంలోకి లాగింది కూడా ఆవిడే అనుకోండి, అది వేరే సంగతి.

"బ్రీఫింగ్ చెప్పండి సార్."

"గోడగడియారాల కంపెనీ. పైకి దిగుమతి వ్యాపారం, లోపల శత్రుదేశపు ముఠా. నడిపేవాడు గ్లవ్స్. వదిన వాడి సెక్రటరీగా చేరి, వాడి గుట్టు మనకి చేరవేస్తోంది. మొన్న మన గేటు దగ్గర వాళ్ళ మనిషెవడో ఆమెని ఫోటో తీశాడు. ముసుగులో కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళని స్టాఫ్ అందరి ముఖాలతో పోల్చే సాఫ్ట్‌వేర్ గ్లవ్స్ డెస్క్‌టాప్‌లో ఉంది."

"మరి ఇంకా పోల్చలేదేం?"

"వాడి హార్డ్ డిస్క్ ముసలిదయ్యా. సగంలో సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది. అందుకే ఎస్ఎస్‌డీ, అదే కొత్తరకం డిస్క్, వేయించుకుంటున్నాడు. మెకానిక్‌వి నువ్వే."

"ఫోటోకి కాపీ?"

"లేదు. రెండో కాపీ ఉంటే రెండో దొంగ ఉంటాడని ఆ ముఠా నమ్మకం. ఇంకో సంగతి. ముఖ్యమైన మీట ఏదైనా గ్లవ్స్ వేలే నొక్కాలి. లిఫ్ట్ బటన్ కూడా ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వడు."

"రెయిడ్ చేస్తే?"

"మనం తలుపు పగలగొట్టేలోపు వదిన ఉండదు," అంటూ పెద్దాయన ఒక పెన్ డ్రైవ్ చేతిలో పెట్టాడు. "కాపీ చేసే ప్రోగ్రామ్ ఇందులో ఉంది. డిస్కుల పేర్లు చూపించదు. ఏ సాకెట్లో పెట్టిన డిస్కుకి ఆ సాకెట్ నంబరే. అర్థమైందా?"

చీమకి అర్థమైంది.

*

అతికించిన మీసంతో, భుజాన టూల్‌బ్యాగ్‌తో చీమ సెల్లార్‌లోకి దిగాడు. కిటికీ లేని గది. ఇనుప తలుపు. గోడల నిండా గడియారాలు, ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. ఇన్ని గడియారాలుండి టైమెంతో తెలియని గది లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

మూల నిలబడి ఉంది వదిన. ఎర్రటి లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు, టకటకలాడే హీల్స్. ఇంట్లో కొప్పు ముడేసుకుని, కొంగు దోపుకుని తిరిగే మనిషేనా అనిపించింది అతనికి.

"మీ స్క్రూడ్రైవర్‌కి అయస్కాంతం ఉందా?" అంది ఆమె, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు.

"అది లేకుండా ఇల్లు కదలనండీ."

కోడ్ కలిసింది. మరుక్షణమే తలుపుకి తాళం పడింది. వెనకే దిగివచ్చిన గ్లవ్స్ ఆ తాళంచెవి కోటు జేబులో వేసుకున్నాడు. అప్పటికే చీమ ఫోన్ వాడి సొరుగులో ఉంది.

"ఫోటోలో ఉన్నది ఎవరో తేలేదాకా ఈ తలుపు తెరుచుకోదు," అన్నాడు. "నువ్వూ కూర్చో," అని వదినకి చెప్పాడు.

"నేనెందుకు సార్? పైన ఫోన్లు మోగుతుంటాయి..."

"కూర్చో."

వదిన కూర్చుంది. ఇద్దరూ ఒకే గంప కింద కోళ్ళు.

చీమ క్యాబినెట్ మూత విప్పాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము గుప్పుమంది. పాత డిస్క్ ఇటుకంత బరువు. కొత్త ఎస్ఎస్‌డీ పేకముక్కల కట్టంత.

"ఇంతేనా?" అన్నాడు గ్లవ్స్.

"ఇంతేనండీ. లోపల తిరిగేదీ లేదు, అరిగేదీ లేదు."

"నాకు పాఠాలు చెప్పకు. వీడియోలో చూశాను. పాతది మొదటి సాకెట్, కొత్తది రెండో సాకెట్. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి కాపీ." టార్చి వేసి వైర్ల మీదికి వంగాడు. వాడి ఊపిరి చీమ మెడకి తగులుతోంది. రెప్ప వేస్తే ఒట్టు!

వెనక భళ్ళుమంది. వదిన చేతి అద్దం నేలమీద ముక్కలై ఉంది.

"కదలకు!" అని గ్లవ్స్ గిర్రున తిరిగాడు.

ఆ తిరిగిన క్షణం చాలు. చీమ వేళ్ళు రెండు వైర్లనీ తారుమారు చేసేశాయి.

పెన్ డ్రైవ్ పెట్టగానే స్క్రీన్ వెలిగింది. మొదటి డిస్క్ నుంచి రెండో డిస్క్‌కి. సరేనా?

"నొక్కమంటారా?"

"చెయ్యి తియ్," అని గ్లవ్స్ తనే నొక్కాడు.

పచ్చగీత పాకడం మొదలైంది. పాత డిస్క్ గరగరమని మూలగసాగింది.

"అదెందుకు అరుస్తోంది? కాపీ అయ్యేది కొత్త దాంట్లోకి కదా?"

చీమ స్క్రూలు ఏరుకుంటూ అన్నాడు: "ముసలిదండీ. చదివేటప్పుడు గొణుక్కుంటుంది."

గ్లవ్స్ కళ్ళు చిన్నవయ్యాయి. చెయ్యి ప్లగ్ దగ్గరికి పోయింది. "ఆపేస్తే?"

"రెండు డిస్కులూ పోతాయి. మీ ఇష్టం."

చెయ్యి అక్కడే ఆగింది. గడియారాలు వాటి లెక్క అవి కొట్టుకుంటున్నాయి. వదిన చెంప మీద చెమట గీత గీసుకుంటూ దిగుతోంది. ఆ గీత తెరమీద గీతకంటే ముందే గమ్యం చేరేటట్టుంది. చీమ తలుపువంక చూడకుండా ఉండటానికి పళ్ళు బిగించాడు.

గ్లవ్స్ వేళ్ళు ప్లగ్‌ని పట్టుకున్నాయి. లాగబోయాడు.

టింగ్! కాపీ పూర్తయింది.

గ్లవ్స్ నవ్వి, తనే రీస్టార్ట్ నొక్కాడు. నల్లటి తెర. దానిమీద తెల్లటి ముక్క ఒకటే: ఏ డిస్క్‌లోనూ ఏమీ లేదు.

ఖాళీ ఎస్ఎస్‌డీలోని శూన్యమంతా పోయి పాత డిస్క్ మీద కూర్చుంది మరి!

పిస్తోలు చీమ కణతకి ఆనింది. "ఏం చేశావురా?"

"నేనేం ముట్టుకోలేదండీ. మొదటిదీ మీరే నొక్కారు, రెండోదీ మీరే నొక్కారు."

సరిగ్గా అప్పుడే బల్లమీద ఫోన్ మోగింది. వదిన ఎత్తింది. రిసీవర్‌ని అరచేత్తో మూసి, నెమ్మదిగా అడిగింది: "సార్, సరిహద్దు అవతలి పెద్దలు. ఫోటో ఏమైందంటున్నారు. పోయిందని చెప్పమంటారా? ఎవరు నొక్కారంటే ఎవరి పేరు చెప్పమంటారు?"

గ్లవ్స్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఠాలో తప్పు చేసినవాడికి చావే, రెండో మాట ఉండదు. పిస్తోలు జారి జేబులోకి పోయింది, తాళంచెవి బయటికి వచ్చింది.

"సాయంత్రానికి చెబుతానని చెప్పు," అన్నాడు నీరసంగా. తర్వాత చీమ చెయ్యి పట్టుకున్నాడు. "బాబ్బాబు, తిరిగి తెప్పించగలవా?"

"షాపులో మిషనుందండీ. ప్రయత్నిస్తా."

"రెండు డిస్కులూ పట్టుకెళ్ళు. నువ్వు కూడా వెళ్ళు," అన్నాడు వదినతో. "వీడు పారిపోకుండా చూసుకో."

ఇనుప తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. తిరిగాక వదిన హీల్స్ విప్పి చేత్తో పట్టుకుంది.

"ఏరా, ఆ మీసం ఊడిపోతోంది, చూసుకోలేదూ?"

"నువ్వు అద్దం పగలగొట్టాక దేంట్లో చూసుకోను వదినా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంట్లో మీ అన్న కంప్యూటర్ కూడా నత్తలా పాకుతోంది. ఆ కొత్తదేదో దానికి వేసెయ్. మీట మాత్రం మీ అన్న చేతే నొక్కిద్దాం. రేపు ఏదన్నా పోతే తిట్టడానికి ఒక మనిషుండాలిగా!"