బోల్టుకి ఒక చుట్టు ఎక్కువ

"ఈ పంపెందుకు మూలుగుతోంది?" అంటూ కొలిమి పిల్ల ల్యాబ్‌లోకి దూసుకొచ్చింది.

అక్కడ బ్యాటరీలు పరీక్షించే టెస్టింగ్ బాబు అమాయకంగా మొహం పెట్టాడు. అంత అమాయకత్వం ఉయ్యాల్లో పిల్లలక్కూడా ఉండదు.

"జలుబు చేసుంటుంది."

"పంపుకా?"

"నిన్న వానలో తడిసింది."

"తడిసింది నువ్వు. నా గొడుగులో దూరడానికి నీ గొడుగు దాచేసి మరీ!"

కొలిమి పిల్ల అని పేరు పెట్టింది వాడే. బ్యాటరీలో వేసే కార్బన్ ఫెల్ట్‌ని, అదే ఆ నల్లటి దుప్పటి ముక్కని, ఫర్నేస్‌లో కాల్చడం ఆమె పని. కాల్చకపోతే బ్యాటరీ ద్రవం దానిమీద చుక్కలుగా నిలబడుతుంది గానీ లోపలికి ఇంకదు. ఆమె కాల్చిన ఫెల్ట్ అయితే చెరువునైనా తాగేస్తుంది.

రోజూ ఆమె ఫెల్ట్ వేసిన సెల్ రీడింగ్ చూసి వాడు "అదిరింది!" అనేవాడు. ఆమె నవ్వేది. ఆ నవ్వుకి వాడి గుండె ఎంత గట్టిగా కొట్టుకునేదంటే, పక్క బిల్డింగ్‌లో కిటికీలు మూసుకునేవారు.

ఇంతలో ఫెల్ట్‌కి బదులు వాడమంటూ, ఇక్కడ కాల్చే పనిలేని పల్చటి కార్బన్ పేపర్ వచ్చిపడింది. రెండిటికీ పోటీ. పేపర్ గెలిస్తే ఫర్నేస్ మూత, ఆమెకి దూరపు ప్లాంట్‌కి బదిలీ.

ఇవాళ పరీక్షలో పేపర్ ఘోరంగా ఓడిపోతోంది.

"ఆ రెంచీ ఇలా ఇవ్వు," అందామె. పేపర్ వేసిన బ్యాటరీ సెల్ బోల్టులు ఒక్కోటీ పట్టి చూసింది. అన్నీ ఒక చుట్టు ఎక్కువే బిగించి ఉన్నాయి. పేపర్ నలిగిపోయి, ద్రవం పారడానికి దారే లేదు; దాన్ని తోయలేకే పంపు మూలుగుతోంది.

"ఎవరు బిగించారు?"

"నేనే. నువ్వెళ్లిపోతావని."

"ఉండమని నాతో ఒక్క మాట అనొచ్చుగా? బోల్టులు బిగించడమేంట్రా!"

"నువ్వంటే నాకు ప్రాణం. ఆ ముక్క నోటికి రాలేదు."

ఆమె కళ్లు నిండాయి. "మరి ఇన్నాళ్లూ నా ఫెల్ట్ అదిరిందన్నావే, అందులో నిజమెంత?"

"అంతా నిజమే. ఒట్టు."

"ఎలా నమ్మమంటావ్? ఆ నంబర్లు అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకునేదాన్ని."

వాడు సెల్ విప్పి, కొత్త పేపర్ వేసి, ఆమె చూస్తుండగా ఎంత బిగించాలో అంతే బిగించాడు. పంపు మూలగలేదు. పేపర్ గెలిచింది, వెంట్రుకవాసి తేడాతో.

ఆమె స్క్రీన్ మీది రీడింగ్ కేసి చూసింది.

"నువ్వు చూపించిన నంబర్లన్నిట్లో," అంది మెల్లగా, "ఇదొక్కటే నమ్ముతాను."