చిన్నవైపోయిన ఫోటోలు

శనివారం మధ్యాహ్నం షెకైనా కంప్యూటర్‌లో గేమ్ ఆడుతుంటే అప్పలసూరి తాత వచ్చాడు. బెంగాలీల ఊరైన లిలువాలో వాళ్ళ పక్క వాటాలో ఆయన ఒక్కడే ఉంటాడు.

"పాపా, ఆ పిక్నిక్ ఫోటో ఓపాలి సూపించమ్మా. రమాకుమారిని సూసి శానా రోజులైంది."

రమాకుమారి ఆయన భార్య. చనిపోయి ఆరేళ్ళయింది. ఆవిడ ఉన్న ఫోటో అదొక్కటే. అందులోనూ ముప్పై మంది మధ్య వెనక వరుసలో నిలబడి ఉంటుంది.

షెకైనా ఫోటో తెరిచి ఆవిడ ముఖాన్ని పెద్దది చేసింది. ముఖం కనబడలేదు. అన్నీ గోధుమరంగు గళ్ళే.

తాత కళ్ళజోడు తీసి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మసగ్గా ఉంది. నా కళ్ళు పోనాయి కాబోలు," అంటూ మెల్లగా లేచి వెళ్ళిపోయాడు.

షెకైనాకు తెలుసు. తప్పు ఆయన కళ్ళది కాదు.

షెకైనా సొంత తాత ప్రేమానందం ఇక్కడి తెలుగు కుటుంబాల పాత ఫోటోలు అడిగి తెచ్చి, రెండేళ్ళు కూర్చుని స్కాన్ చేశాడు. ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేశాడు. తర్వాత చాలామంది ఊరు వదిలి వెళ్ళారు. పోయిన నెల షెకైనా స్నేహితురాలు ఉదయశ్రీ కూడా వెళ్ళిపోయింది, వాళ్ళ నాన్నకు ట్రాన్స్‌ఫర్ అయి. సాయంత్రాలు ఆడుకోవడానికి ఎవరూ లేరు. కొత్త గేమ్ పెట్టుకుందామంటే కంప్యూటర్‌లో చోటు లేదు. అప్పుడు షెకైనా ఆ ఫోటోలన్నిటినీ చిన్న సైజుకు మార్చి సేవ్ చేసేసింది. పైకి అన్నీ మునుపటిలాగే కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వెళ్ళి ప్రేమానందం తాతకు చెప్పింది.

"మళ్ళీ పెద్దవి చెయ్యొచ్చు కదా తాతా?"

"అవదమ్మా. పోయింది మళ్ళీ రాదు."

తాత తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇంకో కాపీ దాచనేదు. అది నా తప్పు," అన్నాడు.

షెకైనా పక్కింటికి వెళ్ళింది.

"సూరి తాతా, మీ కళ్ళు బాగానే ఉన్నాయి. ఫోటో పాడుచేసింది నేనే."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"మరి దాని మొహం ఇంకెక్కడా నేదా?" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రేమానందం తాతా, షెకైనా బస్సెక్కి వాట్‌గంజ్ వెళ్ళారు. పిక్నిక్ అసలు ఫోటో అక్కడ ఉండే లోయిస్ అత్తది. ట్రంకుపెట్టె అడుగున దొరికింది. చెమ్మకు ఒక మూల ఊడిపోయినా వెనక వరుస బాగానే ఉంది.

ఇంటికొచ్చి షెకైనా గేమ్ తీసేసింది. తెచ్చిన ఫోటోను పెద్ద సైజులో స్కాన్ చేసింది. ఒక కాపీ కంప్యూటర్‌లో ఉంచి, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఫోటోతో పాటు అత్తకు పంపింది. తర్వాత సూరి తాతను పిలిచింది.

ఆయన తెర దగ్గరగా వంగాడు.

"ఏటో, బొట్టు వంకరగా ఎట్టీసుకుంది," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఇంకా నూట అరవై ఫోటోలు మిగిలాయి. షెకైనా ప్రేమానందం తాత నోట్‌బుక్ తెచ్చి నంబర్లు వెతికింది. మొదటి నంబరు పనిచేయలేదు. రెండోదానికి ఎవరో బెంగాలీలో మాట్లాడి పెట్టేశారు. మూడోది మోగింది. అవతల ఒకావిడ తెలుగులో, "ఎవరూ?" అంది.

"వందనాలండీ. లిలువా నుంచి ప్రేమానందం గారి మనవరాలిని. మీ ఫోటోలు నేను పాడుచేశానండీ. అసలువి మీ దగ్గర ఉన్నాయా?"