ఆకులో పన్నెండు సున్నాలు

“బంతి ఇయ్యే అఫ్సానా! యాడికి పరిగెత్తుతాండావు?”

ఉదయ్ అరుపు బడి గేటు దాకా వినిపించింది. అఫ్సానా వింటేగా! పసుపు కాగితం చుట్టిన బంతిని గుండెకు హత్తుకుని, సుద్దతో గీసిన తన సున్నాలోంచి బయటికి దూకేసింది. బంతిని తనే బుట్టలో వేసెయ్యాలని ఒకటే పరుగు. ఆ ఊపులో నడిమి సున్నాలో ఉన్న శ్వేతను గుద్దుకుంది. బుట్ట బోర్లా పడింది. అందులోని బెల్లం ముక్కలు మట్టిపాలయ్యాయి.

రేపే ఎమ్మిగనూరులో సైన్స్ ఫెయిర్. ఆదోని నుంచి ఆరో తరగతి పిల్లలు తీసుకుపోతున్న ఆట పేరు ‘ఆకు వంట’. బంతి అంటే ఎండ. పన్నెండు సున్నాల్లో నిలబడ్డ పన్నెండుమంది పిల్లలు ఆకులోని పత్రహరితం అణువులు. బంతిని చేతులు మార్చుకుంటూ నడిమి సున్నాకు చేర్చాలి. అది బుట్టలో పడితే ఆకు వంట మొదలు. వంట ముగిశాక అందరికీ బెల్లం. చీటీలు వేస్తే నడిమి సున్నా శ్వేతకు వచ్చింది. అదే అఫ్సానాకు మింగుడుపడలేదు.

“ఆ పిల్లకు నోట్లో నాలుకే లేదు మేడమ్. నన్ను పెట్టండి. ఈ మూల సున్నాలో నేనెందుకు నిలబడాల? నాకు ఏ పరీక్షలోనూ సున్నా రాలేదు!”

సావిత్రమ్మ మేడమ్‌కు నవ్వు ఆగలేదు.

“ఇది మార్కుల సున్నా కాదమ్మా. ఆకులో ప్రతి పత్రహరితాన్నీ ప్రోటీన్ ఒక చోట పట్టి నిలబెడతాది. అట్ల దగ్గరదగ్గరగా ఉంటేనే వెలుగు శక్తి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతాది. రాండి, ఒకటి సూపిస్తా.”

క్లాసులో కిటికీలన్నీ మూశారు. పాలకూరను స్పిరిట్‌లో నూరి వడగట్టిన రసం మీద మేడమ్ నీలం టార్చి వేశారు. పచ్చటి రసం ఎర్రగా మెరిసింది!

“అబ్బ, ఎంత బాగుందో!” అని గంతులేసింది అఫ్సానా.

“బాగుంది. కానీ వెలుగంతా వృథా. స్పిరిట్‌లో ప్రోటీన్ పట్టు వదిలేసింది. పత్రహరితం వెలుగును పట్టుకునింది గానీ, దాన్ని అందుకునేటోళ్ళు పక్కన లేరు. అందుకే ఇట్ల ఎర్రగా మెరిసి, వేడయి పోతాంది. ఒక్క చక్కెర పలుకు కూడా పుట్టదు.”

అఫ్సానా గంతులు ఆగాయి. మూలన శ్వేత ఒక్కతే కూర్చుని, బెల్లం ముక్కలకు అంటిన మట్టి దులుపుతోంది. అఫ్సానాకు సిగ్గేసింది.

సాయంత్రం మేస్త్రీ పనిలో ఉన్న నాన్న రసూల్ సాబ్‌కు టీ తీసుకుపోయింది. అక్కడ స్లాబు వేస్తున్నారు. నిచ్చెన పొడుగునా మనుషులు. కాంక్రీటు తట్ట కింది నుంచి పైకి చేతులు మారుతూ పోతోంది.

“అబ్బా, ఒకరే తట్ట పట్టుకుని పైదాకా పోతే ఎంత పేరొస్తాది!”

“పేరొచ్చేలోపల కాంక్రీటు తట్టలోనే గట్టిపడతాది బేటీ!”

నిచ్చెన మీద వాళ్ళంతా పగలబడి నవ్వారు. తట్ట మాత్రం ఆగలేదు.

మర్నాడు ఎమ్మిగనూరు హాలు కిటకిటలాడింది. పసుపు బంతి అఫ్సానా చేతికి వచ్చింది. అరచేతులు దురద పెట్టాయి. అయినా ఆమె పాదం సున్నా దాటలేదు. బంతి పక్క చేతికి, అక్కడి నుంచి ఇంకో చేతికి, చివరికి శ్వేతకు, బుట్టలోకి! హాలంతా చప్పట్లు.

తర్వాత అట్టపెట్టెలో నీలం టార్చి వెలుగు కింద పెట్టిన పాలకూర రసాన్ని జడ్జి సారు తొంగి చూశారు. “పచ్చటి రసం ఎర్రగా ఎందుకు మెరుస్తాంది?” అని అడిగి, ముందున్న అఫ్సానాకు మైకు ఇచ్చారు.

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. ఇక చెప్పేయడమే. అంతలో పక్కకు చూసింది. శ్వేత పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆ పిల్లకూ తెలుసు!

అఫ్సానా మైకు అటు చాపింది. “సెప్పు శ్వేతా, నీకొచ్చు.”

శ్వేత రెండు చేతులా అందుకుంది. మొదటి మాట ఎవరికీ వినిపించలేదు. రెండోసారి హాలంతా వినిపించింది.

“అందుకునేటోళ్ళు పక్కన లేక, సార్!”

అఫ్సానా చేతులు ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి కదా. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.