ఎనిమిది నిమిషాల మెమరీ

"చెరిపి రా. చచ్చి మాత్రం రాకు," అన్నాడు కొత్త చీఫ్.

శత్రువుల మధ్య మారువేషాల్లో తిరుగుతున్న నలభై రెండు మంది ఏజెంట్ల లిస్టు ఒక పాత పర్సనల్ కంప్యూటర్‌లో ఉంది. కాపీ అదొక్కటే. అందులోని పేర్లన్నీ కొత్త చీఫ్ ఇంకా చూడనేలేదు. నెట్‌కు తగిలించకపోతే ఎవడూ హ్యాక్ చేయలేడని పాత చీఫ్ తెలివి. పెట్టెనే చంకలో పెట్టుకుపోతారని ఆయనకెలా తోస్తుంది! శత్రు ముఠా సరిగ్గా అదే చేసింది. లిస్టు తెరవబోతే 'మెమరీ చాలదు' అని పెట్టె మొరాయించింది. మెమరీ పెంచే ఎక్స్‌పాన్షన్ కార్డు బిగించే ముసలి మెకానిక్ కోసం ఇప్పుడు ముఠా వెతుకుతోంది.

ఆ ముసలాడిగా వెళ్లేది ఏజెంట్ జిగురు. పట్టుకుంటే వదలడని పెట్టిన పేరది. లిస్టులో అతని సొంత అక్క ఉంది.

చీఫ్ ఒక కార్డు ఇచ్చాడు. "కరెంటు తగలగానే మాకు సిగ్నల్ ఇస్తుంది. డిస్కంతా తుడిచేస్తుంది. ఎనిమిది నిమిషాలు. అంతసేపూ మెమరీ లెక్కపెడుతున్నట్టు స్క్రీన్ మీద అంకెలు నడుస్తాయి."

"ఈలోపు నా రోజులు లెక్కపెట్టేస్తారు సార్."

నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు. మధ్యాహ్నం రెండింటికి జిగురు వెనక ఇనుప తలుపు మూసుకుంది. బయట్నుంచే తీసే తలుపు. కిటికీ లేదు. గోడ అద్దం అవతల ముఠా బాస్, చేతిలో పిస్తోలు.

"లిస్టు బయటికొస్తేనే నువ్వు బయటికి, తాతా," అంది స్పీకర్.

పక్కనే కాపలాగా మేడమ్. బాస్‌కు కుడిభుజం. నల్ల గౌను, ఎర్ర లిప్‌స్టిక్, గదినిండా సెంటు వాసన.

జిగురు స్లాట్‌లో దుమ్ము ఊదాడు. కార్డు అంచును రబ్బరుతో రుద్ది, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. స్విచ్ వేశాడు. ఫ్యాన్ రొదపెట్టింది. 64... 128... 192...

"ఎంతసేపు?" అరిచాడు బాస్ స్పీకర్‌లోంచి.

"పాత పెట్టె బాబూ. పెట్టిన మెమరీనంతా ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంది. పెంచమంది మీరే కదా!"

అయిదో నిమిషంలో మేడమ్ కీబోర్డు మీదికి వంగింది. "నేను టైపు నేర్చుకుంది ఇలాంటిదాని మీదే బాస్. ఎస్కేప్ కొడితే ఈ లెక్క ఆగాలి."

"అయితే కొట్టు!"

జిగురు చూపు ఆ కీకే అతుక్కుపోయింది. కొడితే అంకెలు ఆగవు, గుట్టు రట్టవుతుంది. తన సంగతి సరే. అక్కో? అంత భయం అతనికెప్పుడూ వేయలేదు.

ఆమె వేలు కీ మీద ఆనింది. జిగురు ముఖంలోని భయాన్ని ఓరగా చూసింది. నొక్కలేదు.

"కీ చచ్చింది బాస్. ఎన్నిసార్లు కొట్టినా పలకట్లేదు."

ఫ్యాన్ రొద మాటున గొణిగింది. "ఆ లిస్టులో నేనూ ఉన్నానయ్యా. త్వరగా కానీ."

ఎనిమిదో నిమిషం. 'డిస్కు ఖాళీ' అంది స్క్రీన్.

ఇనుప తలుపు దభాలున తెరుచుకుంది. బాస్ పిస్తోలు జిగురు నుదుటికి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు చీఫ్ మనుషులు వెనకనుంచి వచ్చి అతన్ని నేలకేసి నొక్కారు. అదే ఊపులో మేడమ్‌కూ బేడీలు వేశారు.

"నేను మీ మనిషినే! లిస్టు చూసుకోండి!"

"ఏ లిస్టమ్మా?" అన్నాడు చీఫ్.

ఆమె ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లూ ప్రాణాలకు తెగించి చేసిన పనికి ఇక రుజువు లేదు.

జిగురు విగ్గు పీకి పారేశాడు. "మన మనిషే సార్. ఆ కీ నొక్కి ఉంటే నేనూ లేను, మా అక్కా లేదు. ఈమెకు బేడీలుంటే నాకూ వెయ్యండి."

చీఫ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, జేబులోంచి తాళంచెవి తీశాడు.

"కూర్చోమ్మా. కొత్త లిస్టులో మొదటి పేరు నీదే. ఈసారి కాగితం మీద రాద్దాం."