బల్ల ముందు ఎర్ర దీపం

అంగారకుడి మీద గుడిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె, రసం అందుకోవాలంటే ముందు ద్వారం ఒప్పుకోవాలి. ఆ ద్వారానికి స్థైర్యదర్శిని అని పేరు. కింద నిలబడితే దాని న్యూరో స్కానర్ మెదడులో నమ్మిక జాడను చదువుతుంది. పచ్చ దీపం వెలిగితే రొట్టె, ద్రాక్షరసం. ఎర్ర దీపం వెలిగితే వెనక్కి. విశ్వాసంలో జారిపోతున్నవాళ్లను ముందే కనిపెట్టి వాళ్ల కోసం ప్రార్థించాలని గుమ్మటం నగరంలోని తెలుగు సంఘం దాన్ని పెట్టుకుంది. ప్రార్థన మాటేమో గాని, ఎరుపు వెలిగినవాళ్ల పక్కన కూర్చోవడం మాత్రం జనం మానేశారు.

ఆ ఆదివారం హుల్దమ్మ చెల్లెలు దమరికి ఎరుపు వెలిగింది. మధ్యాహ్నపు అంతరిక్ష ఓడలో ఆమె గురుగ్రహపు ఉపగ్రహం మీది గనుల ఆసుపత్రికి నర్సుగా వెళ్లిపోతోంది. ఈ వయసులో మళ్లీ కలిసేది పరలోకంలోనేనని ఇద్దరికీ తెలుసు. దమరి ముసుగు సర్దుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది.

బల్ల కోసం ఎండు ద్రాక్ష నానబెట్టి రసం తీసేది హుల్దమ్మే. ఆ జిగట చేతులతోనే, ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ ఫిలేమోను గదిలోకి దూసుకెళ్లింది.

“ఏమయ్యా, నా చెల్లెలు విశ్వాసంలో పడిపోయిందా? మొగుడి శవం పక్కన మోకరించి స్తోత్రం చెప్పిన మనిషది. నీ డబ్బాకి దానికంటే భక్తి ఎక్కువా?”

“కూర్చోండమ్మా.”

“కూర్చోడానికి రాలేదు. దాన్ని మళ్లీ చదివించు.”

“చదవడానికి అందులో స్కానరే లేదమ్మా,” ఫిలేమోను తలుపు మూశాడు. “తీసేసి చాలాకాలమైంది. ఏడుస్తూ ప్రార్థించేవాళ్లకి ఎరుపు, ప్రసంగంలో గుర్రుపెట్టేవాళ్లకి పచ్చ చూపించేది. అందుకని అందరికీ పచ్చే వెలిగేలా మార్చాను.”

“మరి దమరికో?”

“పెద్దలు ఊరుకోలేదు. అందరికీ పచ్చయితే పచ్చకి విలువేముందన్నారు. జనం రావడం తగ్గింది. ఎవరో ఒకరికి ఎరుపు పెట్టడం మొదలుపెట్టాక గుడి మళ్లీ నిండింది. ఎవరికన్నది యంత్రం చీట్లేసినట్టు ఎంచుతుంది.”

“సిలువ కింద సైనికులు బట్టల కోసం చీట్లేశారు. మీరు మనుషుల మీదే వేశారు. థూ!”

ఆమె బల్ల మీది రొట్టెముక్క కొంగులో కట్టుకుని, రసం చిన్న సీసాలో పోసుకుని ఓడరేవుకు పరుగెత్తింది. బల్లను పాస్టరు గారు తప్ప ఎవరూ ముట్టకూడదన్న ఆలోచన కూడా ఆ కోపంలో రాలేదు.

దమరి సామాను పక్కన ఒంటరిగా కూర్చుని ఉంది. హుల్దమ్మ జరిగిందంతా చెప్పింది.

“నిజంగానే పడిపోయాననుకున్నా అక్కా,” అంది దమరి, కళ్లు తుడుచుకుంటూ. “ఓడెక్కాక ఇక ప్రార్థన దేనికిలే అని కూడా అనుకున్నా.”

“వాళ్ల నోళ్లు పడిపోను! నీ విశ్వాసం చెక్కుచెదరలేదే.”

దమరి అక్క వైపు తిరిగింది. “మరి నీ పచ్చ?”

పచ్చ వెలుగుతోంది కదా అన్న ధీమాతో, ఇంట్లో ఒంటరిగా మోకరించడం హుల్దమ్మ ఎన్నడో మానేసింది. ఇంతసేపూ ఊరందరి మీదికి ఎగిసిన కోపం ఎక్కడికీ పోలేక ఆమె మీదికే తిరిగింది.

ఓడ ఎక్కమని పిలుపు వచ్చింది. దమరి నేల మీద మోకరించి అక్క చెయ్యి లాగింది.

“రా అక్కా, తలుపు మూసేలోగా.”

హుల్దమ్మ పక్కనే మోకరించింది. “ప్రభువా” అంది. ఆ తర్వాత మాట రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

చెల్లెలు అక్క కొంగులోని రొట్టె తీసి విరిచి, ముందు ఆమె నోటికే అందించింది.